ఏటికి ఈ ఒడ్డు ఉర్దూ, ఆ ఒడ్డు ఇంగ్లీషు

మొన్న సంక్రాంతికి కొల్లాపూర్ పోయినప్పుడు మా నాన్న తన ఫోను నా చేతిలో పెట్టి, "ఇదేందో సదివి చెప్పురా, రెండు దినాల సంది సమజైతలేదు" అన్నాడు. ఎరువుల దుకాణానికి డబ్బు పంపబోతే బ్యాంకు యాప్ తెలుగులో చెప్పిన ముక్క ఇది: "మీ లావాదేవీ వెనుకకు దొర్లించబడినది."

"దొర్లిచ్చుడేంది? పైసలు పోయినయా, ఉన్నయా?"

ఉన్నాయి. ఎక్కడికీ పోలేదు. కానీ ఆ సంగతి ఆ వాక్యంలో లేదు. దుకాణపాయన పైసలు రాలేదంటాడు, మా నాన్న నేను పంపిన అంటాడు. ఇరవై ఏళ్ళ నుంచి ఒకరి దగ్గర ఒకరు ఖాతా పెట్టుకున్న మనుషులు రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఆయన అబద్ధమాడుతున్నాడని ఈయన, ఈయన ఎగ్గొడుతున్నాడని ఆయన.

నా ఉద్యోగం డేటాబేసులతోనే. 'రోల్ బ్యాక్' అనే మాట రోజుకు పదిసార్లు అంటాను. అది తెలుగులో ఇలా దొర్లుకుంటూ వచ్చి మా ఇంట్లోనే పడుతుందని అనుకోలేదు. (నిజం చెప్పాలంటే, పాత రోజుల్లో నేను కూడా ఉత్సాహం కొద్దీ ఒక సాఫ్టువేరును తెలుగు చేస్తూ ఇట్లాంటివే కొన్ని రాశాను. అవి ఇప్పుడు ఎవరికీ దొరకకూడదని కోరిక.)

ఈ 'దొర్లించబడుట' ఎక్కడినుంచి వచ్చిందో చూద్దామని మొదలుపెడితే కథ ఫ్రాన్సు మీదుగా పోయి, తిరిగి మా సోమశిల రేవుకే వచ్చి ఆగింది. ఓపికుంటే చదవండి.

ముందు ఫ్రాన్సు సంగతి. కొన్నేళ్ళ కింద ఒక ప్రాజెక్టు పని మీద పారిస్‌లో ఆర్నెల్లు ఉన్నాను. మా సాఫ్టువేరు తెరల మీది ఇంగ్లీషును ఫ్రెంచి చేసే అనువాదకురాలు ఒకామె నా పక్క బల్ల దగ్గరే కూర్చునేది. ఆమెను సతాయించేవి పెద్ద పెద్ద సాంకేతిక పదాలు కావు. వాటికి అక్కడ ఎప్పుడో మాటలు పుట్టాయి. కంప్యూటరుకు 'ఆర్దినాతర్' అనే పేరును 1955లో ఐబీఎం ఫ్రాన్స్ అడిగితే జాక్ పెరె అనే లాటిన్ పండితుడు ఇచ్చాడు. సతాయించేవి చిన్న చిన్న మాటలు. సెట్ అప్, లాగిన్, బ్యాకప్, రోల్ బ్యాక్, ఆప్ట్ అవుట్. ఒక చిన్న క్రియ, దాని వెనక ఒక చిన్న తోక. అర్థమంతా తోకలో ఉంటుంది, ఆ తోక ఫ్రెంచికి లేదు.

ఆమె నాకు చెప్పిన పాఠం ఇది. ఇంగ్లీషువాడు 'నదికి అడ్డంగా ఈదాడు' అన్న పద్ధతిలో 'స్విమ్ అక్రాస్' అంటాడు. ఈదడం క్రియ, దాటడం తోక. ఫ్రెంచివాడు దాన్ని తలకిందులు చేసి 'ఈతతో నదిని దాటాడు' అంటాడు. తోక క్రియ అవుతుంది, క్రియ తోక అవుతుంది. 1958లో వినే, దార్బెల్నే అనే ఇద్దరు ఫ్రెంచి, ఇంగ్లీషు శైలులను పోల్చుతూ రాసిన పుస్తకంలో దీనికి 'షాసె క్రువాసె' అని పేరు పెట్టారు, నాట్యంలో ఇద్దరూ స్థానాలు మార్చుకునే అడుగు పేరట. అనువాదం చదువుకునేవాళ్ళు అక్కడ ఇప్పటికీ దాన్ని చదువుతారు.

ఆమె చెప్తుంటే నాకు మా తాత గుర్తొచ్చాడు. వయసులో ఉన్నప్పుడు పుట్టి దొరక్కపోతే సోమశిల దగ్గర కృష్ణను 'ఈది దాటేటోణ్ణి' అనేవాడు. ఈది, దాటాడు. ఈదడం ముందు చెప్పి పక్కన పెట్టి, అసలు పనిని దాటడం చేతిలో పెడతాం. అంటే ఈ ఒక్క విషయంలో తెలుగు ఫ్రెంచి పక్షం. మరి ఫ్రెంచివాళ్ళు అంత సులువుగా తిప్పేసుకున్నదాన్ని మనం ఎందుకు వెనక్కి దొర్లిస్తున్నాం?

పైగా మనకు వాళ్ళకు లేని సదుపాయం ఒకటి ఉంది. మనకూ తోకలున్నాయి, కాకపోతే అవి క్రియలే. పోవు, వేయు, కొను, పెట్టు, ఇచ్చు. 'ఈట్ అప్' అంటే తినేయ్. 'రన్ అవుట్', అంటే ఇంట్లో పాలు అయిపోయాయి. 'గివ్ అప్' అంటే ఒకచోట వదులుకో, ఇంకోచోట మానేయ్. 'బ్రేక్ అప్' అంటే విడిపోయారు. 'నోట్ డౌన్' అంటే రాసిపెట్టు, అదే ఇంకొకరి కోసమైతే రాసిపెట్టడమూ రాసివ్వడమూ వేరు. లేచింది వేరు, లేచిపోయింది వేరు, ఊరంతటికీ తెలుసు ఆ తేడా :) ఇక 'బ్రేక్ ఇన్' అని ఇంగ్లీషువాడు తలుపులు పగలగొట్టుకుంటుంటే మనం హాయిగా 'దొంగలు పడ్డారు' అనేసి ఊరుకుంటాం.

ఇంత సరంజామా ఉన్న భాష చేతులు కట్టుకుని 'బడినది, బడుచున్నది' అని ఎప్పుడు మొదలుపెట్టింది? ఇక్కడే మా ఏరు వస్తుంది.

కొల్లాపూర్ తెలియనివాళ్ళకు: పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో, కృష్ణ ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఊరు మాది. సురభి వంశం వాళ్ళ సంస్థానం. మామిడిపండ్లకు పేరు. ఏటికి ఈ పక్క సోమశిల, ఆ పక్క సిద్ధేశ్వరం, కర్నూలు సీమ. 1800లో నిజాము దత్తమండలాలను కంపెనీకి ఇచ్చేశాక, 1839లో కర్నూలు నవాబును కూడా కంపెనీ దించేశాక, ఈ ఏరు రెండు ప్రభుత్వాల మధ్య హద్దయింది. ఈ ఒడ్డున నిజాము రాజ్యం, ఆ ఒడ్డున మద్రాసు ప్రెసిడెన్సీ. ఈ ఒడ్డున హాలీ సిక్కా, ఆ ఒడ్డున కల్దార్ రూపాయి. సరుకు దాటితే కరోడ్‌గిరి కట్టాలి. రెండు పక్కలా మాట్లాడేది ఒకే తెలుగు, పెళ్ళిళ్ళు కూడా అటూ ఇటూ అయ్యేవి. కానీ కాగితం మీదికి వచ్చేసరికి ఈ ఒడ్డు తెలుగు ఒక పరాయిభాషలోంచి, ఆ ఒడ్డు తెలుగు ఇంకో పరాయిభాషలోంచి తర్జుమా కావాల్సి వచ్చింది. నూరేళ్ళకు పైగా.

అనువాదం మా సంస్థానానికి కొత్త కాదని కూడా చెప్పుకోవాలి (కొంచెం గొప్పలు చెప్పుకోనివ్వండి). భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసిన ముగ్గురిలో ఒకడైన ఎలకూచి బాలసరస్వతి 17వ శతాబ్దంలో ఈ సురభివారి జటప్రోలు ఆస్థానకవే. ఆ అనువాదానికి మల్లభూపాలీయం అని సురభి మల్లభూపాలుడి పేరే పెట్టాడు. ఆ జటప్రోలు గుడులను శ్రీశైలం జలాశయం నీళ్ళు ముంచుతాయని తర్వాత రాయి రాయి విప్పి పైకి తెచ్చి కట్టారు. విప్పి కట్టడం అనువాదం లాంటిదే గదా అని రాయబోయి, అలాంటి పోలికలు కవులకు వదిలేస్తున్నా.

ఈ ఒడ్డు సంగతి మొదట. నిజాము రాజ్యంలో చాలాకాలం పారసీ అధికారభాష. 1880ల నడుమ, రెండో సాలార్‌జంగ్ దివానుగా ఉన్నప్పుడు, దాని స్థానంలోకి ఉర్దూ వచ్చింది. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టారు. ఇంగ్లీషు శాస్త్ర గ్రంథాలన్నీ ఉర్దూలోకి మార్చడం దాని పని. ఒక భారతీయ భాషలో వైద్యం దాకా చదువు చెప్పిన ఘనత వాళ్ళది, ఒప్పుకోవాలి. కానీ అందులో తెలుగు పాలు లేదు. కచేరీలో రైతు తెలుగులో చెప్పింది ఉర్దూలో బయానై, ఉర్దూలో ఫైసలా అయి, మళ్ళీ నోటితో తెలుగులోకి దిగేది. దించేది పట్వారీ, వకీలు, కచేరీ గుమాస్తా. వీళ్ళే మా మొదటి అనువాదకులు. నిఘంటువు లేదు, జీతం వేరే పనికి.

వాళ్ళ పని ఒక విధంగా సులువే. ఎందుకంటే ఉర్దూకూ తెలుగుకూ మూలాలు వేరైనా వాక్యం కట్టుడు ఒకటే. క్రియ చివర్న వస్తుంది. 'మంజూర్ కర్నా' అంటే మాటకు మాట పెట్టి 'మంజూరు చేయు'. 'యాద్ ఆనా' అంటే 'యాదికొచ్చు'. వాళ్ళు 'మార్ ఖానా' అంటే మనం దెబ్బలు తింటాం, వాళ్ళు 'రిష్వత్ ఖానా' అంటే మనం లంచం తింటాం. వందల ఏళ్ళు పక్కపక్కన బతికిన భాషలు, ఏది ఎవరిదో తేల్చడం కష్టం. పారసీలో 'కర్దన్' ఉన్నచోట ఉర్దూ 'కర్నా' పెట్టుకుంది, ఉర్దూలో 'కర్నా' ఉన్నచోట తెలుగు 'చేయు' పెట్టుకుంది. అంతకుముందే సంస్కృత నామాల కోసం మనకు ఆ గూడు సిద్ధంగా ఉంది. రద్దు చేయు, జమ చేయు, మాఫీ చేయు, శురూ చేయు అన్నీ అందులోనే దూరాయి. ఇవాళ డౌన్‌లోడ్ చేయు, ఫార్వర్డ్ చేయు కూర్చున్నది ఆ గూట్లోనే.

నాకు ఇంకా ముచ్చటగా అనిపించేది వేరే రకం. ఉర్దూ క్రియనే ఎత్తుకొచ్చి మన 'ఇంచు' తగిలించడం. దబానా నుంచి దబాయించు. చలానా నుంచి చలాయించు. నిభానా నుంచి నిభాయించు. సోచ్‌నా నుంచి మా దగ్గరి సోంచాయించు. వీటిని ఇంగ్లీషులో చెప్పమనండి, తోకలు బయటికొస్తాయి. దబాయించడం 'షౌట్ డౌన్'. నిభాయించుకోవడం 'పుట్ అప్ విత్', రెండు తోకలు దానికి. కేసు బనాయించడం 'ట్రంప్ అప్'. ఇంగ్లీషు మూడు ముక్కల్లో చెప్పేది ఇక్కడ ఒక్క మాటలో ఉంది, మన ఊళ్ళో ముసలమ్మ కూడా తడుముకోకుండా అంటుంది.

అన్నిటికన్నా బాగున్నది ఫిరాయించు. ఇంగ్లండు పార్లమెంటులో పార్టీ మారడాన్ని 'క్రాస్ ద ఫ్లోర్' అంటారు, సభలో నడుమ ఉన్న ఖాళీ నేలను దాటి అవతలి బెంచీల్లో కూర్చోవడం. దాన్ని 'నేల దాటు' అని తెలుగు చేసి ఉంటే ఎట్లుండేదో ఊహించండి. 1985లో యాభై రెండో రాజ్యాంగ సవరణ వచ్చినప్పటినుంచి మన పత్రికల్లో అది 'పార్టీ ఫిరాయింపుల చట్టం'. ఫిరానా, అంటే తిప్పడం. ఇంగ్లీషు భావం, ఉర్దూ ధాతువు, తెలుగు ప్రత్యయం. ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు (ఆ పని చేసేవాళ్ళకు అసలే అక్కర్లేదు).

సులువు అన్నాను గానీ, దాని వెల కూడా చెప్పాలి. మాట అచ్చుగుద్దినట్టు దిగినా కాగితం మాత్రం చదవరాలేదు. మా తాత కౌలు రైతు. ఆయన ట్రంకుపెట్టెలో గుడ్డలో చుట్టిన ఒక ఉర్దూ కాగితం ఉండేది. అందులో 'బేదఖల్' అనే మాట ఉందని ఆయనకు తెలుసు, ఎవరో చదివి చెప్పారు. బేదఖల్ చేయడమంటే భూమి మీంచి వెళ్ళగొట్టడం. తెలంగాణ రైతుకు దానికి మించిన భయంకరమైన మాట లేదు. బేదఖల్ చేయమని ఉందా, చేయకూడదని ఉందా? ఉర్దూలో ఆ తేడా ఒక్క 'న' అక్షరం. ఆయన ఆ కాగితాన్ని పారేయడానికి భయపడి, చూపించడానికీ భయపడి, ఏళ్ళ తరబడి పెట్టెలో పెట్టుకున్నాడు. 1950 కౌల్దారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదార్ల జాబితాలు రాస్తున్నప్పుడు ఊరికొచ్చిన ఒక మున్షీ చదివి, 'బేదఖల్ చేయొద్దు' అని ఉందన్నాడట. రక్షిత కౌలుదారు, చూడండి, 'ప్రొటెక్టెడ్ టెనెంట్' అనే ఇంగ్లీషుకు సగం సంస్కృతం, సగం అరబ్బీ పారసీ కలిపి వేసిన అతుకు. వ్యాకరణం పంతులు ఏమన్నా అననీ, ఆ మాట మా ఇంట్లో అన్నం పెట్టింది.

ఆ తెలుగు నోటికి సభలో కూడా చోటుండేది కాదు. 1921 నవంబరులో హైదరాబాదులో కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోలచేసి దించేశారు. అప్పటిదాకా ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషుల్లో మాట్లాడినవాళ్ళకు ఆ బాధ లేదు. ఆ రాత్రి రగిలినవాళ్ళే ఆంధ్ర జనసంఘం పెట్టారు. ఆ మరుసటి ఏడాది నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రిక వచ్చింది. సంపాదకుడు షబ్నవీసు వెంకటరామ నరసింహారావు. ఇంటిపేరు చూశారా? షబ్ అంటే రాత్రి, నవీస్ అంటే రాసేవాడు, పారసీ. తెలుగు పత్రిక నడపడానికి ఇంతకన్నా తగిన పేరేముంది! 1926లో మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ' పత్రిక మొదలుపెట్టాడు. చుట్టూ ఉర్దూ ఉన్నచోట, మద్రాసులో చదువుకొని వచ్చి, తెలుగు పత్రిక నడిపిన మనిషి. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తిరగేస్తే మరుగునపడ్డ పాత తెలుగు మాటల కోసం ఆయన పడ్డ తపన కనిపిస్తుంది.

ఇప్పుడు ఏరు దాటుదాం.

ఆ ఒడ్డున చిక్కు ఇంకో రకం. ఇంగ్లీషు వాక్యం మన వాక్యానికి తిరగేసిన చొక్కా లాంటిది. మాటకు మాట పెట్టి దించడం కుదరదు, విప్పి మళ్ళీ కుట్టాలి. సి.పి. బ్రౌన్ దొర ఈ కష్టం ఎరిగినవాడు. కడపలో, బందరులో ఉద్యోగం చేస్తూ జనం నోటి తెలుగు విన్నవాడు. 1850ల మొదట్లో అచ్చయిన ఆయన నిఘంటువుల్లో కావ్యభాష పక్కనే వాడుక మాట కూడా ఉంటుంది. 1854లో, కచేరీల్లో వాడే ఉర్దూ పారసీ మాటలకు విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువు కూడా వేశాడు. అంటే గమనించండి, ఇంగ్లీషు దొరతనం ఉన్న ఒడ్డున కూడా కచేరీ భాషలో దరఖాస్తు, రాజీనామా, తహశీలు అలాగే ఉన్నాయి. గోలకొండ, మొగలాయి కాలాల నుంచి పారినవి. నా 'రెండు ఒడ్డుల' సిద్ధాంతానికి ఇది కొంచెం అడ్డమే, దాచిపెట్టను. ఏరు మాటలను ఆపలేదు. కాగితం ఏ భాషలోంచి వస్తుందన్నదాన్ని మాత్రం మార్చింది.

ఆ ఒడ్డున నిజంగా అనువాద కార్ఖానాలు పత్రికలు. 1902లో కృష్ణాపత్రిక, 1908లో ఆంధ్రపత్రిక, అది 1914లో మద్రాసు చేరి దినపత్రికయింది. తంతివార్త ఇంగ్లీషులో వస్తుంది, తెల్లారేసరికి తెలుగులో అచ్చు కావాలి. విప్పి కుట్టే టైము లేదు. అట్లా కొన్ని ఇంగ్లీషు నుడులు ఉన్నవి ఉన్నట్టు దిగాయి. వెలుగులోకి వచ్చింది. పాత్ర పోషించాడు. చట్టాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. తుది మెరుగులు దిద్దారు. మొసలి కన్నీరు కార్చారు. ఇవాళ ఇవి ఇంగ్లీషువని ఎవరైనా అంటే నమ్మబుద్ధి కాదు. కృష్ణలో మొసళ్ళున్నాయి కాబట్టి మొసలి కన్నీరు అతికింది అనుకుందామా అంటే, మన అడవిలో లేని తెల్ల ఏనుగు కూడా అతికింది. 'ఒక్క రాయినీ తిరగేయకుండా వదల్లేదు' మాత్రం ఎవరెంత ప్రయత్నించినా నిలబడలేదు. పిల్లుల వాన, కుక్కల వాన సంగతి సరేసరి. మనకు కుండపోత ఉండగా అవెందుకు?

రెండు ఒడ్డులకూ తేడా బాగా తెలిసేది ఒక చిన్న క్రియలో. ఇంగ్లీషువాడు డెసిషన్ 'తీసుకుంటాడు', యాక్షన్ 'తీసుకుంటాడు'. అందుకే ఆ ఒడ్డున నిర్ణయం తీసుకున్నారు, చర్యలు తీసుకుంటున్నారు. ఉర్దూవాడు ఫైసలా 'చేస్తాడు', కార్రవాయీ 'చేస్తాడు'. అందుకే మా తాతకు ఎప్పుడూ 'ఫైసలా చేసిన్రు'. పరీక్ష విషయంలో మాత్రం తెలుగు ఇద్దరి మాటా వినలేదు. ఇంగ్లీషువాడు పరీక్ష తీసుకుంటాడు, ఉర్దూవాడు ఇమ్తెహాన్ ఇస్తాడు, మనం రాస్తాం. ఇచ్చేదీ తీసుకునేదీ ఏం లేదు, కలం పట్టుకుని రాసేదే.

సామెతల్లో అయితే ఎవరి ఇల్లు వాళ్ళదే. పెద్దవాళ్ళకు తెలిసిందే నేర్పబోయేవాణ్ణి ఇంగ్లీషువాడు 'అవ్వకు గుడ్డు పీల్చడం నేర్పుతున్నావా' అంటాడు. ఫ్రెంచివాడు 'ముసలి కోతికి వెక్కిరింతలు నేర్పుతున్నావా' అంటాడు. మనం తాతకు దగ్గులు నేర్పుతాం. ముగ్గురికీ ముసలితనమే కావాల్సి వచ్చింది, వస్తువు మాత్రం ఎవరి పెరట్లోది వాళ్ళది. నా పారిస్ స్నేహితురాలికి ఈ దగ్గులు తెగ నచ్చాయి. ఉన్నచోటికే సరుకు మోయడాన్ని వాళ్ళు 'నదికి నీళ్ళు మోయడం' అంటారట. నేను 'కొల్లాపూరుకు మామిడిపండ్లు' అని ఒకటి అప్పటికప్పుడు చేసి ఇచ్చాను. అది ఎవరూ వాడగా నేను వినలేదు, మీరు వాడితే సంతోషం.

1948లో నిజాము పాలన పోయింది. 1956 నవంబరు 1న రెండు ఒడ్డులూ ఒక రాష్ట్రమయ్యాయి. 1966లో అధికారభాషా చట్టం వచ్చింది, 1968లో తెలుగు అకాడమీ. నా ఉద్దేశంలో అసలు చిక్కు ఇక్కడే పడింది. అంతదాకా ఒక ఒడ్డు కచేరీ గుమాస్తా నోటితో, ఇంకో ఒడ్డు రాత్రి షిఫ్టు విలేకరి కలంతో పని గడిపాయి. ఇద్దరికీ ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు. రైతుకు అర్థం కాకపోతే గుమాస్తాను మళ్ళీ అడుగుతాడు, పాఠకుడికి అర్థం కాకపోతే పత్రిక కొనడు. సచివాలయం ఫైలుకు అట్లా ఎదురుగా ఎవరూ లేరు. జీవో ఇంగ్లీషులో తయారవుతుంది, ఇంగ్లీషు కర్మణి వాక్యం పక్కనే తెలుగు కర్మణి వాక్యం నిలబెడితే ఏ అధికారికీ తప్పు పట్టడానికి వీలుండదు. అట్లా పుట్టిందే 'ఇందుమూలముగా తెలియజేయడమైనది' భాష. ఉర్దూ మాటలను పరాయివని తీసి సంస్కృతం పెట్టారు, వాక్యంలో ఇంగ్లీషు ఎముకలు మాత్రం అట్లాగే ఉంచారు. మా తాత బేదఖల్ కాగితం చదవలేకపోయాడు. మా నాన్న జీవో చదవగలడు, అర్థం మాత్రం కాదు. ఏది మెరుగో మీరే చెప్పండి.

దీని మీద జీవితమంతా పోట్లాడినవాడు బూదరాజు రాధాకృష్ణ. 2006లో పోయారు. ఈనాడు జర్నలిజం స్కూలు ప్రిన్సిపాలుగా ఏటేటా కుర్ర విలేకరులకు తెలుగు వాక్యం తెలుగులా రాయడం నేర్పారు. ఆయన చేతిలో తిట్లు తిన్నవాళ్ళు ఆ తిట్లను ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

మళ్ళీ మా తెరల దగ్గరికి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది, 2005లో స్వేచ్ఛ వాళ్ళు లినక్సును తెలుగులో పెట్టారు. జీతం లేకుండా రాత్రుళ్ళు కూర్చుని పనిచేసిన కుర్రాళ్ళు. అప్పుడు జరిగిన వాదోపవాదాలు తలుచుకుంటే నవ్వొస్తుంది. లాగిన్‌కు 'ప్రవేశించు' అనాలని ఒకరు, 'లోనికి' అనాలని ఒకరు. వికీలో చివరికి నిలబడ్డది 'లాగినవండి'. లాగిన్ కు అవండి కలిపి సంధి చేసేశారు, ఇంగ్లీషు తోక తెలుగు కడుపులోకి పోయింది. అప్పట్లో నేను దాన్ని వెక్కిరించినవాణ్ణే. ఇప్పుడు చూస్తే అంతకన్నా మంచి తెలుగు లేదనిపిస్తుంది. ఎందుకంటే జనం 'లాగిన్ చేశాను' అనరు, 'లాగిన్ అయ్యాను' అంటారు. 'డౌన్‌లోడ్ చేసుకో' అంటారు, తన కోసం కాబట్టి 'కొను' చేరుతుంది. 'బ్యాకప్ తీసుకో', 'బ్యాకప్ తీసిపెట్టు' రెండూ ఉన్నాయి, రెండింటికీ తేడా ఉంది. ఎవరూ నేర్పలేదు. తోకను ఇంగ్లీషులో వదిలేసి, మన తోకను మన దగ్గర తగిలించుకున్నారు. కచేరీ గుమాస్తా పద్ధతే.

రోల్ బ్యాక్‌ను ఫ్రెంచిలో ఏం చేశావని ఆ అనువాదకురాలిని ఈ మధ్య మెయిల్ రాసి అడిగాను. సాంకేతిక పుస్తకంలో అయితే దానికో మాట ఉందట, కానీ మామూలు మనుషులు చూసే తెర మీద తను ఆ మాట ముట్టుకోలేదని, "చెల్లింపు జరగలేదు, మీ ఖాతాలోంచి ఏమీ పోలేదు" అన్న అర్థం వచ్చేట్టు రాసిందని చెప్పింది. ముందు ఇంగ్లీషు వాక్యాన్ని పక్కన పెట్టి, చదివే మనిషి ఏం అడుగుతాడో అది రాస్తుందట. ఏమడుగుతాడు? మా నాన్న అడిగిందే. పైసలు పోయినయా, ఉన్నయా?

నాన్నను తీసుకుని ఎరువుల దుకాణానికి పోయి, ఇద్దరికీ చెప్పి, నా ఫోన్లోంచి డబ్బు పంపించి వచ్చాను. వాళ్ళిద్దరూ టీ తాగి సోమశిల వంతెన గురించి మాట్లాడుకున్నారు. 2022లో మంజూరైన వంతెన అది. ఇద్దరూ 'మంజూరైంది' అనే అన్నారు, 'ఆమోదించబడినది' అని ఒక్కరూ అనలేదు.

ఇంటికొచ్చి ఆ బ్యాంకుకు ఒక ఫిర్యాదు రాశాను. ఆ వాక్యం తీసేసి "డబ్బు వెళ్ళలేదు. మీ ఖాతాలోనే ఉంది" అని పెట్టమని. మర్నాడే జవాబొచ్చింది, తెలుగులోనే:

"మీ ఫిర్యాదు లోపలికి చూడబడుచున్నది."